పైన ప్రమాణం, సెల్లార్‌లో మీటింగ్: అమెరికా నల్లజాతి చర్చి, తాగుడు

అమెరికాలో చాలా నల్లజాతి బాప్టిస్టు చర్చిల్లో గోడ మీద ఫ్రేము కట్టిన కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని సంఘ నిబంధన అంటారు. 1853లో జాన్ న్యూటన్ బ్రౌన్ అనే తెల్లజాతి పాస్టరు అచ్చువేయించిన పాఠం అది. ప్రభురాత్రి భోజనం ఇచ్చే ఆదివారం సంఘమంతా లేచి నిలబడి దాన్ని కలిసి చదవడం ఎన్నో చోట్ల ఇప్పటికీ ఆనవాయితీ. మత్తు పానీయాలు అమ్మం, తాగం అనే మాట అందులో ఉంది. ఆ చదవడం అయ్యాక చేతికందే చిన్న గ్లాసులో పోసేది కూడా పులియని ద్రాక్షరసమే. 1869లో న్యూజెర్సీలో థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు, ప్రభువు బల్ల మీద మత్తు ఉండకూడదన్న పట్టుదలతో, ద్రాక్షరసాన్ని వేడిచేసి పులవకుండా నిల్వ ఉంచే పద్ధతి కనిపెట్టాడు. ఇవాళ అమెరికా సూపర్ మార్కెట్లలో పిల్లల జ్యూస్‌గా అమ్ముడుపోయే వెల్చ్ సీసా పుట్టింది అలాగే.

ఇలాంటి చర్చిల్లోనే చాలావాటిలో, కింద సెల్లార్‌లో, వారానికో సాయంత్రం ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్లు పూర్తి పేరు చెప్పకుండా కలుసుకునే సంఘం) మీటింగ్‌కి గది ఇస్తుంటారు. మడత కుర్చీలు, కాఫీ, వీలైతే పక్కవీధి వైపు వేరే తలుపు. పైన చదివిన మాట నిలబెట్టుకోలేకపోయినవాళ్లు కింద కూర్చుంటారు. తాగనివాణ్ణి తాగకుండా కాపాడడంలో నల్లజాతి చర్చి చాలా గట్టిది. తాగుడులో పడ్డవాణ్ణి పైకి లాగాల్సి వచ్చినప్పుడు మాత్రం దాని చెయ్యి వణుకుతూ వచ్చింది. ఈ రెండూ ఒకే గుణానికి రెండు వైపులు కావడమే ఇందులోని చిక్కు.

ముందు లెక్కల సంగతి. నల్లజాతి పేట అనగానే వీధి మూల సీసా పట్టుకుని నిలబడ్డ మగవాళ్ల బొమ్మ చాలామందికి మనసులో మెదులుతుంది. అమెరికా ప్రభుత్వం ఏటా చేయించే జాతీయ సర్వేలు ఆ బొమ్మను ఒప్పుకోవు. గత నెలలో మద్యం ముట్టామని చెప్పే నల్లజాతి పెద్దల వాటా, తెల్లవాళ్ల వాటా కంటే దాదాపు పది శాతం పాయింట్లు తక్కువ. జీవితంలో ఒక్కసారి కూడా తాగనివాళ్లు తెల్లవాళ్లలో కంటే వీళ్లలో ఎక్కువ. పిల్లలు మొదటి గుక్క తాగే వయసు కూడా తెల్ల పిల్లల కంటే ఆలస్యం. ఎందుకలా అంటే పరిశోధకులు చెప్పే కారణాల్లో చర్చి పేరు ఎప్పుడూ ముందు వరసలో ఉంటుంది.

అయితే తాగేవాళ్ల సంగతికొస్తే లెక్క తిరగబడుతుంది. 2014లో తమికా జపోల్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు అంతదాకా వచ్చిన అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి ఒక సమీక్ష రాశారు. తాగుడు తక్కువ, తిప్పలు ఎక్కువ అన్నది దాని సారం. అదే మోతాదు తాగినా నల్లజాతి మనిషికి పోలీసు కేసు, ఉద్యోగం ఊడడం, ఇంట్లో తగువు, ఒంటి జబ్బు ఎక్కువగా తగులుతాయి. కొన్ని కారణాలు ఊహించగలిగినవే: పేదరికం, ఆరోగ్య బీమా లేకపోవడం, సందు చివర ఎప్పుడూ నిలిచి ఉండే పోలీసు కారు. వయసు సంగతి అంత తేలిగ్గా తోచదు. తెల్ల కుర్రాళ్లు ఇరవై, ఇరవై రెండేళ్లకు బాగా తాగి, ఉద్యోగం, పెళ్లి వచ్చేసరికి తగ్గిస్తారు. నల్లజాతి మగవాళ్లలో అతిగా తాగేవాళ్లు ఆలస్యంగా మొదలుపెట్టి ముప్పైల్లో, నలభైల్లో కూడా కొనసాగిస్తారు. ఇల్లు, పిల్లలు, అప్పులు అన్నీ నెత్తిన పడే వయసు అది. ఇంకో కారణం చర్చికి నేరుగా తగిలేది. ఊరంతా తాగేచోట ఒకడు తూలినా ఎవరికీ పట్టదు. ఊరంతా మానేసినచోట ఒక్క గ్లాసే మచ్చ.

ఆ మచ్చకు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1787లో ఫిలడెల్ఫియాలో రిచర్డ్ అలెన్, అబ్సలోం జోన్స్ అనే ఇద్దరు స్వతంత్ర నల్లజాతి బోధకులు ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ అనే పరస్పర సహాయ సంఘం పెట్టారు. నెలనెలా చందా, వితంతువులకు, తండ్రి లేని పిల్లలకు ఆసరా. తాగుబోతును సభ్యుడిగా చేర్చుకోకూడదని నియమాల్లోనే రాసుకున్నారు. ఈ ప్రయత్నం నుంచే అలెన్ 1794లో బెథెల్ చర్చి కట్టాడు. 1816లో ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి ఏర్పడింది. అంటే నల్లజాతి చర్చికి పునాది పడ్డప్పుడే తాగుబోతుకు గేటు బయట చోటు నిర్ణయమైపోయింది.

దీన్ని వట్టి ఛాందసం అనడం అన్యాయం. ఆ మనుషులకు మద్యం ఏ దారిన వచ్చిందో గుర్తుంది. రోడ్ ఐలాండ్ బట్టీల్లో కాచిన రమ్ పీపాలు ఆఫ్రికా తీరానికి వెళ్లి మనుషుల్ని కొనుక్కుని వచ్చేవి. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో అచ్చయిన తన జీవిత కథలో క్రిస్మస్ సెలవుల సంగతి రాశాడు. క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య ఆ రోజుల్లో యజమానులు బానిసలకు కావాలనే విస్కీ పోసేవాళ్లు. ఎవడు ఎక్కువ తాగుతాడో చూద్దామని పందేలు కాసేవాళ్లు. సెలవు అయ్యేసరికి ఒళ్లు తూలి, తల పగిలి, స్వేచ్ఛ అంటే ఇదేనా, దీనికంటే పొలం పనే నయం అని మనిషికి తోచాలి. అదీ ఎత్తుగడ. అంత స్పష్టంగా మద్యాన్ని సంకెలగా చూసినవాడు, ఆ సంవత్సరమే ఐర్లండ్ వెళ్లి ఫాదర్ థియోబాల్డ్ మాథ్యూ చేతుల మీదుగా మద్యం ముట్టనని ప్రమాణం చేయడంలో వింతేమీ లేదు. డగ్లస్‌కు తాగకపోవడం విముక్తిలో భాగం.

తాగకపోతే గౌరవం దక్కుతుందన్న ఆశ మాత్రం పదేపదే ఎదురుతన్నింది. 1842 ఆగస్టు 1న ఫిలడెల్ఫియాలో నల్లజాతి యువకులు మద్యపాన వ్యతిరేక ఊరేగింపు తీశారు. బ్రిటిష్ వెస్టిండీస్‌లో బానిసత్వం రద్దయిన రోజును కూడా అలా జరుపుకున్నారు. మంచి బట్టలు, జెండాలు, క్రమశిక్షణ. తెల్ల గుంపు వాళ్ల మీద పడి కొట్టింది, ఒక సభామందిరాన్ని, ఒక ప్రెస్బిటేరియన్ చర్చిని తగలబెట్టింది. తాగి తిరిగితే పనికిరానివాళ్లన్నారు, తాగకుండా నడిస్తే తన్నారు.

అంతర్యుద్ధం తర్వాత కథ ఇంకా చేదుగా మారింది. కవయిత్రి ఫ్రాన్సెస్ హార్పర్ మహిళల మద్యపాన వ్యతిరేక సంఘంలో నల్లజాతి విభాగం బాధ్యత మోసింది. అదే సంఘానికి అధ్యక్షురాలైన ఫ్రాన్సెస్ విలార్డ్ 1890లో ఒక పత్రికతో మాట్లాడుతూ, సారాకొట్టే నల్లవాళ్ల బలానికి కేంద్రమన్నట్టు చెప్పింది. నల్లవాళ్లపై మూకహత్యలు జరుగుతున్న కాలంలో ఆ మాట ఎంత ప్రమాదమో తెలిసిన నల్లజాతి పత్రికా రచయిత్రి ఐడా బి. వెల్స్, 1894లో ఇంగ్లండ్ వెళ్లినప్పుడు ఆ ఇంటర్వ్యూను అక్కడ మళ్లీ అచ్చువేయించి విలార్డ్‌ను నిలదీసింది. 1906 సెప్టెంబరులో అట్లాంటాలో జరిగింది దీనికి కొనసాగింపే. డికేటర్ వీధి సారాకొట్ల మీద, నల్లజాతి మగవాళ్ల మీద పత్రికలు వారాల తరబడి కథనాలు గుప్పించాయి. ఆ తర్వాత తెల్ల గుంపులు కొన్ని రోజులపాటు నల్లజాతీయుల్ని వేటాడి చంపాయి. మరుసటి ఏడాది జార్జియా రాష్ట్రమంతటికీ మద్యనిషేధ చట్టం వచ్చింది. ఆ మరుసటి ఏడాది నల్లవాళ్ల ఓటుహక్కును ఊడగొట్టే రాజ్యాంగ సవరణ. మద్యనిషేధం, ఓటు తీసేయడం పక్కపక్కన నడిచాయి.

ఈ చరిత్రను తవ్వితీసిన పరిశోధకురాలు డెనీస్ హెర్డ్. ఒకప్పుడు మద్యపాన వ్యతిరేక ఉద్యమంలో ముందున్న నల్లజాతి సమాజం, ఆ ఉద్యమం తెల్లజాతి ఆధిపత్యంతో కలిసిపోవడం చూసి వెనక్కి తగ్గిందని ఆమె వాదన. మద్యాన్ని తిట్టే భాష చర్చిలో అలాగే మిగిలింది. మద్యం మీద పోరాడే సామూహిక రాజకీయం మాత్రం పోయింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. అప్పటివరకు తాగుడు యజమాని పెట్టిన ఉచ్చు. అక్కడినుంచి అది ఒక్కొక్కడి పాపం అయింది. పాపమైతే పశ్చాత్తాపం ఉంటుంది, ఉచ్చు వేసినవాడి ప్రస్తావన ఉండదు.

ఈలోగా ప్రజలు కదిలిపోయారు. 1910 నుంచి 1970 దాకా దాదాపు అరవై లక్షల మంది దక్షిణాది పొలాలు వదిలి షికాగో, డెట్రాయిట్, న్యూయార్క్ లాంటి నగరాలకు వలస వెళ్లారు. పల్లెలో శనివారం రాత్రి తాగుడు, పాటల కొట్టం, ఆదివారం పొద్దున చర్చి. రెండు చోట్లా అవే ముఖాలు, ఒకరినొకరు చూసుకునే కళ్లు. నగరంలో అద్దె కట్టడానికి ఇంట్లోనే టికెట్టు పెట్టి పార్టీలు చేసుకునేవాళ్లు, మూలమూలకీ బార్లు. హెర్డ్ ఇంకో సంగతి చూపించింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో లివర్ సిరోసిస్ చావులు నల్లజాతీయుల్లో తెల్లవాళ్ల కంటే తక్కువ. 1950ల తర్వాత ఆ అంకె వేగంగా పెరిగి తెల్లవాళ్లను దాటిపోయింది. వలస వెళ్లిన తరం కాలేయం మీద ఆ ప్రయాణం రాసి ఉంది.

నగరంలో చర్చి కూడా పెరిగింది. చార్లెస్ హారిసన్ మేసన్ మెంఫిస్‌లో నిలబెట్టిన చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ లాంటి పరిశుద్ధతా సంఘాలు మద్యం, పొగ, డాన్సు అన్నిటికీ తలుపు మూశాయి. కొత్త ఊళ్లో దిక్కులేని మనిషికి ఆ కట్టుబాటు కట్టుగొయ్యలా పనిచేసిన మాట నిజం. కాని ఇక్కడే మామూలుగా ఎవరూ పట్టించుకోని ఒక లెక్క ఉంది. చర్చి బెంచీల మీద కూర్చునేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. అతి తాగుడులో పడేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. అంటే చికిత్స ఎవరికి కావాలో వాళ్లు ఆ ఆస్పత్రికి రావడమే తక్కువ. తల్లో, భార్యో, చెల్లెలో వచ్చి ప్రార్థన విన్నపాల్లో పేరు చెప్పకుండా "మా ఇంట్లో ఒకరు" అంటారు. ఆ ఇంట్లోని ఒకరు ఆడవాళ్లే అయితే ఆ మాట కూడా పైకి రాదు.

1990 ప్రాంతంలో మాత్రం చర్చి మళ్లీ ఉచ్చు వైపు చూసింది. హార్లెంలోని అబిస్సీనియన్ బాప్టిస్ట్ చర్చి పాస్టరు కాల్విన్ బట్స్ తన సంఘస్థుల్ని వెంటేసుకుని, పొడుగు కర్రలకు రోలర్లు కట్టి, సున్నం రంగుతో పేటలోని మద్యం, సిగరెట్ హోర్డింగుల్ని తెల్లగా పూసేశాడు. షికాగోలో సెయింట్ సబీనా కేథలిక్ చర్చి ఫాదర్ మైకేల్ ఫ్లేగర్ అదే పని చేసి కోర్టు బోనెక్కాడు, 1991లో జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. ఫ్లేగర్ తెల్లజాతివాడు, సంఘం నల్లజాతిది. అదే సంవత్సరం హైల్‌మన్ కంపెనీ పవర్‌మాస్టర్ పేరుతో 5.9 శాతం ఆల్కహాల్ ఉన్న మాల్ట్ లిక్కర్‌ను బజారులోకి దింపబోయింది. మామూలు బీరు కంటే గట్టిది, గురి నల్లజాతి పేటల మీద. ఫ్లేగర్, నల్లజాతి ఫాదర్ జార్జ్ క్లెమెంట్స్ కలిసి విస్కాన్సిన్‌లోని లా క్రాస్‌లో కంపెనీ ముఖ్య కార్యాలయానికి వెళ్లి కూర్చుని అరెస్టయ్యారు. చివరికి కంపెనీ వెనక్కి తగ్గింది. తగ్గడానికి చట్టం చూపిన కారణం వింటే నవ్వొస్తుంది: బీరు లేబుల్ మీద మత్తు బలాన్ని ప్రచారం చేయకూడదని అప్పట్లో పాత నిబంధన ఉండేది, "పవర్" అన్న మాట దానికి తగిలింది. పేదల పేటను గురిపెట్టడం ఏ చట్టం కిందా తప్పు కాదు మరి.

ఆ పోరాటంలో చర్చికి ఇబ్బంది కలిగించిన విషయం డబ్బు. నల్లజాతి పత్రికలకు ప్రకటనలు, పండగలకు స్పాన్సర్‌షిప్, విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు ఇచ్చేవాళ్లలో బీరు కంపెనీలు పెద్ద చేయి. గాయకుడు లూ రాల్స్ పేరుతో నల్లజాతి కాలేజీల కోసం 1980లలో ఏటా టీవీలో జరిగిన చందాల కార్యక్రమానికి ముఖ్య స్పాన్సర్ ఆన్‌హైజర్-బుష్. పిల్లవాడి కాలేజీ ఫీజు ఒక చేత్తో, తండ్రి చేతికి సీసా ఇంకో చేత్తో. హోర్డింగ్ మీద సున్నం పూసినవాళ్లకు ఈ రెండో చెయ్యి మాత్రమే కనిపించినట్టు ప్రవర్తించాల్సి వచ్చింది.

దుకాణాల గొడవ కూడా ఇలాంటిదే. 1992లో లాస్ ఏంజెలెస్ అల్లర్లలో సౌత్ సెంట్రల్ ప్రాంతంలో దాదాపు 200 మద్యం దుకాణాలు తగలబడ్డాయి. వాటిని మళ్లీ మద్యం దుకాణాలుగా కట్టనివ్వొద్దని పోరాడిన కమ్యూనిటీ కొయిలిషన్ అనే సంఘాన్ని 1990లో మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యురాలు కరెన్ బాస్, 2022లో ఆ నగర మేయరుగా ఎన్నికైంది. చాలా దుకాణాలు మళ్లీ తెరుచుకోలేదు. వాటి యజమానుల్లో ఎక్కువమంది కొరియా నుంచి వచ్చి ఉన్నదంతా అందులో పెట్టిన కుటుంబాలు, ఆ నష్టాన్ని ఎవరూ సరిగ్గా పూడ్చలేదు. 2000లో బాల్టిమోర్ మీద వచ్చిన ఒక అధ్యయనం, తక్కువ ఆదాయం ఉన్న నల్లజాతి పేటల్లో లిక్కర్ స్టోర్లు తెల్లవాళ్ల పేటల్లో కంటే ఎక్కువగా పోగుపడ్డాయని చూపింది. తాగనివాళ్లు ఎక్కువగా ఉన్న జనం మధ్యలో దుకాణాలు ఎక్కువ. ఇలాంటి లెక్క ముందు పెట్టుకుని కూడా మానుకోవడం అంతా మనిషి మనోబలమే అని ఆదివారం ప్రసంగం చేయడం కష్టం. చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారు.

ఇక సెల్లార్ సంగతి. ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో ఒహాయోలోని యాక్రన్‌లో మొదలైంది. అమెరికా అంతా జాతుల వారీగా విడిపోయి ఉన్న కాలం, ఆ మీటింగులూ అలాగే. నల్లజాతీయుల సొంత గ్రూపులు పదేళ్ల తర్వాత, 1945లో మొదలయ్యాయి, వాషింగ్టన్‌లో ఒక నల్లజాతి డాక్టరు చొరవతో ఏర్పడింది వాటిలో ఒకటి. పద్ధతి చూస్తే నల్లజాతి చర్చికి కొత్తేమీ కాదు. లేచి నిలబడి నేను ఇలా పడ్డాను, ఇలా లేచాను అని చెప్పడాన్ని చర్చిలో సాక్ష్యం అంటారు. తేడా ఎక్కడంటే, చర్చి సాక్ష్యంలో పడడం ఎప్పుడో జరిగిపోయినదై ఉండాలి. నిన్న రాత్రి కూడా తాగాను అని ఆదివారం మైకులో చెప్పగలిగే చర్చి అరుదు. సెల్లార్‌లో అది రోజూ చెప్పే మాటే. పేరు దాచుకునే హక్కు కూడా కిందే ఉంది. పైన ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఉండదు.

ఆల్కహాలిక్స్ అనానిమస్ నడిచే పన్నెండు మెట్ల పద్ధతితో మాటపట్టింపు కూడా వచ్చింది. మద్యం ముందు నేను శక్తిహీనుణ్ణి అని ఒప్పుకోవడం దాని మొదటి మెట్టు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని టెండర్లాయిన్ పేటలో గ్లైడ్ మెమోరియల్ చర్చిని 1963 నుంచి నడిపిన పాస్టరు సెసిల్ విలియమ్స్‌కు ఆ మాట మింగుడుపడలేదు. తరతరాలుగా శక్తి లాక్కోబడ్డ మనిషి చేత నాకు శక్తి లేదు అనిపించడం ఏం చికిత్స అని ఆయన వాదన. 1980ల చివర క్రాక్ కొకైన్ పేటల్ని తినేస్తున్నప్పుడు ఆయన చర్చిలోనే కోలుకునే బృందాలు పెట్టి, ఒంటరిగా కాక కలిసి ఎదిరించే భాషలో నడిపాడు. 1967లోనే ఆరాధనా మందిరంలోని శిలువను తీయించేసినవాడు కాబట్టి సంప్రదాయ చర్చిలు ఆయన్ని అనుమానంగానే చూశాయి. ఇటు, మద్యం నిషిద్ధమైన నల్లజాతి ముస్లిం సంస్థ నేషన్ ఆఫ్ ఇస్లాం జైళ్లలోకి వెళ్లి, చర్చి చేయి అందని మగవాళ్లకే సరిగ్గా చేయి అందించింది. లా క్రాస్‌లో అరెస్టయిన ఫాదర్ క్లెమెంట్స్ 1994లో, ఒక చర్చి ఒక వ్యసనపరుణ్ణి దత్తత తీసుకోవాలి అనే పథకం మొదలుపెట్టాడు. పేరు కూడా అదే, వన్ చర్చ్ వన్ అడిక్ట్.

ప్రార్థనతో ఒక్క రాత్రిలో విడుదల దొరికిందన్న సాక్ష్యాలు ఈ చర్చిల్లో చాలా గౌరవంగా వింటారు. అబద్ధమని కొట్టేయాల్సిన పనిలేదు, అలా మానేసినవాళ్లు ఉన్నారు. కాని ఇందులో ఒంటికి సంబంధించిన ప్రమాదం ఉంది. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పి లేనివి కనిపించే స్థితికి వెళ్లవచ్చు, సరైన వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మిగతా మత్తుల్లో చాలావాటికి లేని ప్రమాదం ఇది. చేతులుంచి ప్రార్థించే పెద్దలకు ఈ ఒక్క విషయం తెలిసి, అదే రాత్రి మనిషిని ఆస్పత్రికి పంపితే చాలు. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ మాత్రకు అమెరికాలో 1994లోనే అనుమతి వచ్చింది. అవసరమైనవాళ్లలో అది అందేది కొద్దిమందికే. మాత్ర మింగితే విశ్వాసం తక్కువైనట్టు అన్న భావన కొన్ని సంఘాల్లో ఇంకా ఉంది. షుగర్ మాత్రల విషయంలో అలా ఎవరూ అనరు.

ఈ గోడను వైద్యుల వైపు నుంచి తడుతున్నవాళ్లలో అయానా జోర్డన్ అనే నల్లజాతి మానసిక వైద్యురాలు ఒకరు. కనెక్టికట్‌లోని యేల్‌లో ఉన్నప్పుడు, కంప్యూటర్ మీద చేసుకోగల ఆలోచనా ప్రవర్తనా చికిత్సను ఆస్పత్రిలో కాక నల్లజాతి చర్చి గదిలోనే పెట్టి చూశారు. చికిత్సకు మామూలుగా రానివాళ్లు అక్కడికి వచ్చారు. ఆమె, చిరెల్ బెల్లమీ కలిసి నడిపించిన ఇమానీ బ్రేక్‌త్రూ అనే కార్యక్రమం ఆ రాష్ట్రంలోని నల్లజాతి, లాటినో చర్చిల్లో సాగింది. ఇమానీ అంటే స్వాహిలీలో విశ్వాసం. బృందాన్ని నడిపేవాళ్లలో చర్చికి చెందిన మనిషితో పాటు, తానే వ్యసనం నుంచి బయటపడ్డ మనిషి ఉంటారు. ఇల్లు, ఉద్యోగం, కుటుంబం, ఒంటి ఆరోగ్యం అన్నీ అక్కడ మాటకొస్తాయి. చేరడానికి ముందే పూర్తిగా మానేసి ఉండాలన్న షరతు లేదు. నిన్న తాగినవాడు కూడా ఇవాళ వచ్చి కూర్చోవచ్చు.